కొలబద్దకు కొలబద్ద

తెలుగున ప్రమాణమను మాటకు మూడు అర్థములు వాడుకలో నున్నవి. కొలత ప్రమాణము. సాక్ష్యము ప్రమాణము. నలుగురి యెదుట చేయు ఒట్టును ప్రమాణమే. ఒకే మాట మూడు పనులు చేయుట భాషలోని పేదరికము వలన కాదు. సంతలో ధాన్యము కొలుచువాని మానికయందు ఈ మూడును కలిసియే యున్నవి. మానిక ఇంత పట్టునని చెప్పుట కొలత. దానిమీద అధికారి వేసిన ముద్ర సాక్ష్యము. ముద్ర పడిన పిమ్మట అడుగు లోనికి నొక్కలేదని, కొలుచునప్పుడు బొటనవ్రేలు లోపల పెట్టలేదని కొనువాడు నమ్ముటకు ఆధారము అమ్మువాని మనస్సులోని ఒట్టు. మొదటి రెండింటిని కంటితో చూడవచ్చును. మూడవదానిని చూచుటకు వీలు లేదు.

ఈ మూడు అర్థములును ఎంతవరకు విడదీయరానివో తెలిసికొనుటకు సంతకంటె పెద్ద తావు ఒకటి కలదు. విశ్వము వ్యాకోచించుచున్నదనియు, ఆ వ్యాకోచపు వేగము కాలముతో పాటు పెరుగుచున్నదనియు నేటి ఖగోళశాస్త్రము చెప్పుచున్నది. ఆ మాటకు మొదటి ఆధారము ప్రేలిపోయిన నక్షత్రముల వెలుగు. ఆ దూరములు వందల కోట్ల కాంతి సంవత్సరములు. గొలుసు పట్టుకొని పోయి ఎవరును కొలువలేదు, కొలువజాలరు. అట్టి కొలతను నమ్మినవాడు దేనిని నమ్మినట్లు? నక్షత్రమునా, యంత్రమునా, కొలిచిన మనుష్యునా? ఇది శాస్త్రజ్ఞులకు మాత్రమే చెందిన ప్రశ్నగా తోచును గాని, తరచి చూచినచో సంతలోని ప్రశ్నయే.

చీకటి రాత్రి పొలము గట్టున నిలిచి దూరమున ఒక దీపమును చూచువానికి అది దగ్గరనున్న బుడ్డిదీపమో, ఆవలి ఊరిలోని పెట్రోమాక్సు దీపమో తెలియదు. దీపమెంతటిదో ముందుగా తెలిసినయెడల మసకదనమును బట్టి దూరము చెప్పవచ్చును. రెండింతలు దూరము పోయిన దీపము నాలుగవ వంతు వెలుగుతో కనబడును. ఆకాశమునందలి చిక్కంతయు ఇదియే. అక్కడ వెలుగుచున్నది బుడ్డిదీపమో మరియొకటియో చెప్పువారెవరు?

మొదట చెప్పినది అమెరికాలో హార్వర్డ్ వేధశాలయందు స్వల్ప వేతనమునకు పనిచేసిన ఒక స్త్రీ. పెరూ దేశమందలి అరెక్విపా నుండి వచ్చిన గాజు ఫోటో పలకలపై చుక్కలను ఒక్కొక్కటిగా పోల్చి చూచుటయే హెన్రియెట్టా స్వాన్ లెవిట్ యొక్క కాయకము. మాజెలాన్ మేఘములనబడు రెండు గెలాక్సీలలో వెలుగు హెచ్చి తగ్గుచుండు 1,777 తారల పట్టికను ఆమె 1908లో ప్రకటించెను. వాటిలో ఒక జాతికి చెందిన 25 తారలను తీసికొని, హెచ్చుతగ్గులకు పట్టు కాలము ఎంత దీర్ఘమో తార సహజ ప్రకాశము అంత అధికమని 1912లో చూపెను. ఆ జాతికి సెఫీడులని పేరు. కాలమును లెక్కించినచో దీపము ఎంతటిదో తెలియును, దీపము తెలిసినచో దూరము తెలియును. 1925లో స్వీడన్ దేశపు గణితజ్ఞుడు మిట్టాగ్ లెఫ్లర్ నోబెల్ బహుమానమునకు ఆమె పేరు సూచింపదలచి లేఖ వ్రాసెను. ఆమె 1921లోనే మరణించెనను వార్త అతనికి అందలేదు.

లెవిట్ ఇచ్చిన కొలబద్దతో ఎడ్విన్ హబుల్ గెలాక్సీల దూరములు కట్టెను. ఎంత దూరమున నున్న గెలాక్సీ అంత వేగముగా తొలగిపోవుచున్నదని 1929లో ప్రకటించెను. బెల్జియమునకు చెందిన లెమేత్ర్ అను మతాచార్యుడు ఈ సంబంధమును 1927లోనే లెక్కగట్టియుండెను. హబుల్ కట్టిన వేగము మెగాపార్సెక్కునకు, అనగా 32.6 లక్షల కాంతి సంవత్సరములకు, సెకనుకు సుమారు 500 కిలోమీటర్లు. దానిని బట్టి వెనుకకు లెక్కించినచో విశ్వము వయస్సు సుమారు 200 కోట్ల సంవత్సరములు మాత్రమే అగును. రేడియోధార్మికతను బట్టి భూమిమీది శిలల వయస్సు అంతకంటె ఎక్కువగా తేలుచుండెను. తల్లికంటె బిడ్డ పెద్దదైనది! దోషమెక్కడ నున్నదో తెలియుటకు చాల కాలము పట్టెను. సెఫీడులు ఒక జాతి కావు, రెండు జాతులని 1952లో వాల్టర్ బాడే తెలిపెను. ఆ దెబ్బతో విశ్వపు దూరములన్నియు రెండింతలయ్యెను. ఇరువది మూడేండ్లు కొలిచినవారిలో అబద్ధికుడెవడును లేడు. మానికలు రెండు రకములని ఎవరికిని తెలియలేదు, అంతియే. ఒట్టు నిజమైనంత మాత్రమున కొలత నిజము కాదని ఇక్కడ కనబడుచున్నది.

సెఫీడులు దగ్గరి గెలాక్సీలకే పనికివచ్చును. విశ్వపు వ్యాకోచము పూర్వమెట్లుండెనో తెలియవలెనన్న అంతకంటె ఎన్నో రెట్లు ప్రకాశవంతమైన దీపము కావలెను. అదియే సూపర్నోవా. అందులోను ఒక్క తెగ మాత్రమే, ఒకటవ రకము ‘ఏ’ అని పేరు పొందినది, ఇందుకు తగినది. ఈ తెగలో ప్రేలునది శ్వేత కుబ్జతార. సూర్యుని వంటి నక్షత్రము ఇంధనము తీరి, భూమియంత పరిమాణమునకు కుదించుకొనిపోయిన మిగులు అది. ప్రేలినప్పుడు దాదాపు మూడు వారములలో అత్యధిక ప్రకాశమునకు చేరి, సుమారు 500 కోట్ల సూర్యుల పెట్టు వెలిగి, నెలల తరబడి ఆరిపోవును. మంటగా కనబడునది నిజమునకు ప్రేలుడులో పుట్టిన రేడియోధార్మిక నికెలు వెలుగు. సగము నికెలు ఆరు దినములలో కోబాల్టుగా మారును, ఆ కోబాల్టులో సగము 77 దినములలో ఇనుముగా మారును. ఇంటిలోని కత్తిపీటలో గల ఇనుమున అధిక భాగము ఇట్టి దహనములయందే పుట్టినది.

ఈ కథకు మూలమున ఒక భారతీయుడున్నాడు. 1930లో పందొమ్మిదేండ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఓడమీద ఇంగ్లండుకు పోవుచు, శ్వేత కుబ్జతార సూర్యునికంటె సుమారు 1.4 రెట్లు మించిన ద్రవ్యరాశితో నిలువజాలదని లెక్కగట్టెను. (ఆ అంకె తరువాతి సవరణలతో స్థిరపడినది.) 1935 జనవరి 11న లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో అతడా ఫలితమును చదువగా, ఆ కాలమున ఖగోళశాస్త్రమునకు పెద్దదిక్కు అనదగిన ఎడింగ్టన్ లేచి అది అసంబద్ధమని పరిహసించెను. పరిహాసము లెక్కకు జవాబు కాదు. కాని ఆనాడు సభలో నెగ్గినది పెద్దవాని మాట. చంద్రశేఖర్ కు నోబెల్ బహుమానము 1983లో వచ్చెను. ఆప్తవాక్యమును ప్రమాణముగా నంగీకరించు దర్శనములు ఆప్తుడనగా యథార్థమును పలుకువాడని నిర్వచించినవి గాని, పెద్ద పీట మీద కూర్చున్నవాడని చెప్పలేదు.

ద్రవ్యరాశికి ఒక హద్దున్నది గనుక ఆ హద్దు వద్ద ప్రేలు తారలన్నియు ఒకే వెలుగు నిచ్చునని మొదట తలచిరి. ఆశ చక్కనిది, నిజము అట్లు లేదు. 1991లో కనబడిన రెండు సూపర్నోవాలలో ఒకటి మిక్కిలి మసక, మరియొకటి అధిక ప్రకాశము. ఇట్టి మానికతో కొలిచినచో దూరము తలక్రిందులగును. అయినను పారవేయలేదు. రష్యా దేశీయుడు ప్స్కోవ్‌స్కీ పూర్వమే సూచించిన ఒక విషయమును మార్క్ ఫిలిప్స్ 1993లో తొమ్మిది సూపర్నోవాలతో దృఢపరచెను. అధికముగా వెలిగినది మెల్లగా ఆరును, మసకది త్వరగా ఆరును. వెలుగు పరాకాష్ఠకు చేరిన తరువాత 15 దినములలో ఎంత తగ్గెనో చూచినచో అది ఏ పాటి దీపమో చెప్పవచ్చును. చిలీ దేశమున కలాన్, టొలోలో వేధశాలల వారు, అనగా మారియో హమూయ్, హోసే మాసా, నికొలస్ సంట్జెఫ్, ఫిలిప్స్ మొదలగువారు, దగ్గరి సూపర్నోవాలను ఓపికతో కొలిచి పట్టిక కట్టిరి. తత్త్వదృష్టితో చూచినచో ఈ ఘట్టము ఈ కథలో అన్నిటికంటె విలువైనది. దోషము లేని కొలబద్ద ఎవరికిని దొరకలేదు. ఉన్నదాని దోషము ఎంతయో తెలిసికొని, దానిని లెక్కలో చేర్చినందున పనికివచ్చినది. వంకర తెలిసిన బద్ద, తిన్ననిదని భ్రమపెట్టు బద్దకంటె మేలు.

దూరపు సూపర్నోవాలను పట్టుటయే మరియొక కష్టము. ఒక గెలాక్సీలో ఈ తెగ ప్రేలుడు కొన్ని వందల ఏండ్లకు ఒకటి సంభవించును. ఎప్పుడు, ఎక్కడ అను సూచన ఉండదు. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో 1988లో ఆరంభమైన బృందమునకు నాయకుడైన సాల్ పెర్ల్‌మటర్ దీనికొక ఉపాయము నెలకొల్పెను. అమావాస్య వేళ వేల గెలాక్సీలను చిత్రించి, మూడు వారముల పిమ్మట మరల చిత్రించి, రెండవ చిత్రము నుండి మొదటిదానిని తీసివేయుట. మిగిలిన చుక్క క్రొత్త తార. 1994లో బ్రయన్ ష్మిడ్ట్, సంట్జెఫ్ పూనికతో రెండవ బృందము పోటీకి దిగెను.

వారు వెదకినది ఏమి? విశ్వములోని పదార్థమంతయు పరస్పరము ఆకర్షించుకొనును గనుక వ్యాకోచము క్రమముగా నెమ్మదించుచుండవలెను. ఆ నెమ్మది ఎంతయో కొలుచుటయే ఇరువురి లక్ష్యము. దూరపు నక్షత్రపు కాంతి దారిలో ఎంత సాగి ఎరుపు వైపునకు జరిగెనో చూచినచో, ఆ కాంతి బయలుదేరిన నాటి నుండి విశ్వము ఎన్ని రెట్లు పెరిగెనో తెలియును. నక్షత్రపు మసకదనము దూరమును చెప్పును. పూర్వము వ్యాకోచము వేగముగా నుండి తరువాత నెమ్మదించినయెడల ఆ పెరుగుదలకు తక్కువ కాలము పట్టియుండును. నక్షత్రము దగ్గరగా, కొంచెము ప్రకాశవంతముగా కనబడవలెను.

1997లో పెర్ల్‌మటర్ బృందము మొదటి ఏడు సూపర్నోవాలతో ఒక ఫలితమును ప్రకటించెను. వ్యాకోచము నెమ్మదించుచున్నదనియే అది సూచించెను. అందరును ఎదురుచూచిన సమాధానము. అదే సంవత్సరమున రెండవ బృందములోని ఆడమ్ రీస్ తన లెక్క వేయగా, విశ్వములోని పదార్థమునకు ఋణ ద్రవ్యరాశి వచ్చెను. సున్నకంటె తక్కువ పదార్థము! అది అసంభవము గనుక అతడు తన తప్పు కొరకు వెదకెను. ఆస్ట్రేలియాలోనున్న ష్మిడ్ట్ వేరుగా లెక్కించి చూచెను. సమాధానము మారలేదు. దూరపు సూపర్నోవాలు మసకగా నుండెను. పదార్థము స్వల్పమేనని ఎంచి లెక్కించినను అవి 10 నుండి 15 శాతము అధిక దూరమున నున్నట్లు తేలెను. 1998లో రీస్ మొదలగువారు 16 దూరపు సూపర్నోవాలతోను, 1999లో పెర్ల్‌మటర్ బృందము 42 సూపర్నోవాలతోను పత్రములు ప్రచురించిరి. వ్యాకోచము నెమ్మదించుట లేదు, వేగము పుంజుకొనుచున్నది. తన తొలి ఏడింటి తీర్పును పెర్ల్‌మటర్ బృందము తానే త్రోసిపుచ్చుకొనవలసి వచ్చెను.

ఇక్కడ ఆగి ఆలోచింపదగిన విషయమొకటి కలదు. అసంభవమైన సమాధానము వచ్చినప్పుడు వారు ప్రతి మెట్టును తడిమి చూచిరి. అనుకున్న సమాధానము వచ్చినప్పుడు మానవుడు అంత శ్రద్ధతో తడిమి చూచునా? పద్దు పుస్తకములో సొమ్ము తక్కువైన దినమున గుమాస్తా నాలుగుమార్లు కూడును. సరిపోయిన దినమున పుస్తకము మూసి ఇంటికి పోవును. రెండు తప్పులు ఒకదానినొకటి కప్పుకొని సరిపోయినవేమో అను సందేహము ఆ దినమున పుట్టదు. లంచము తిని తీర్పు చెప్పు మధ్యవర్తిని లోకము దూషించును. తన ఆశయే తనకు లంచమైన మధ్యవర్తిని ఎవరును గుర్తింపరు, అతడును గుర్తింపడు. కొలుచువానికి ముఖ్యమైన ప్రలోభము ధనము కాదు, సమాధానము ముందుగా తెలిసియుండుట.

ఇద్దరు ప్రత్యర్థులు ఒకే మాట చెప్పిరి గనుక లోకము త్వరగా నమ్మెను. పరస్పరము పడని ఇద్దరు సాక్షులు ఏకీభవించుట బలమైన సాక్ష్యమే. కాని ఆ సాక్షులు పూర్తిగా వేరు వేరు కారు. దూరపు వెలుగును దేనితో పోల్చవలెనో ఆ దగ్గరి సూపర్నోవాలలో ముఖ్య భాగము ఇరువురికిని చిలీలో కట్టిన ఆ పట్టిక నుండియే వచ్చెను. ఇద్దరు వర్తకులు పోటీపడి అమ్మినను మానిక ఒకే కంసాలి చేసినదైనచో, వారి లెక్కలు కలియుట ఆ మానికకు సాక్ష్యము కాదు. 2011 నోబెల్ బహుమానము పెర్ల్‌మటరుకు సగము, ష్మిడ్ట్, రీస్ లకు సగము పంచబడెను. ముగ్గురికి మించి ఇవ్వరాదను నియమము సరియే కావచ్చును. మానిక చేసినవారికి మాత్రము అందులో భాగము రాలేదు. లెవిట్ కథ తెలిసినవారికి ఇందులో వింత కనబడదు.

ఫలితము నిలుచుటకు ఇతర సాక్ష్యములు కావలసివచ్చెను. నడుమనున్న ధూళి వెలుగును మింగినదేమో అను సందేహమునకు 2001లో కొంత జవాబు దొరికెను. ఇంకను దూరముననున్న 1997ఎఫ్ఎఫ్ అను సూపర్నోవా ధూళి సిద్ధాంతము చెప్పినంత మసకగా లేదు. ధూళియే కారణమైనచో దూరమేగిన కొలది మసక పెరుగుచునే పోవలెను. విశ్వము మొదట నెమ్మదించి, దాదాపు 500, 600 కోట్ల సంవత్సరముల క్రిందట వేగము పుంజుకొనెనను చిత్రమునకు అది సరిపోయినది. ఆదిమ విశ్వపు మిగులు కాంతి, గెలాక్సీల అమరికలోని క్రమము అను వేరు మార్గములును ఆ దిక్కునే చూపినవి. విశ్వపు శక్తిలో సుమారు 68 శాతము స్వభావము తెలియని డార్క్ ఎనర్జీ అని లెక్క తేలినది. అయినను ప్రతివాదులు లేకపోలేదు. 740 సూపర్నోవాలను మరియొక గణిత పద్ధతితో పరిశీలించి, అవి ఇచ్చు సాక్ష్యము చెప్పుకొనుచున్నంత బలమైనది కాదని ఆక్స్‌ఫర్డ్ లోని సుబీర్ సర్కార్, అతని సహచరులు 2016లో వాదించిరి. ఆ పద్ధతిలోని ఊహలు సరికావని ఇతరులు బదులిచ్చిరి. ప్రేలిన తార పుట్టిన గెలాక్సీ వయస్సును బట్టి వెలుగు మారుచున్నదని కొరియా శాస్త్రజ్ఞులు 2020లో ఆక్షేపించిరి. దానికిని ఖండనలు వచ్చినవి. అధిక సంఖ్యాకులు అంగీకరించినదానిని ప్రశ్నించువానిని ద్రోహిగా చూడక అంకెలతో ఎదుర్కొనుట, 1935 నాటి సభకంటె మెరుగైన మర్యాద.

నేడు కొలతలు సూక్ష్మమైన కొలది క్రొత్త చిక్కులు పైకి తేలినవి. సెఫీడుల మీదుగా సూపర్నోవాల వరకు మెట్లు కట్టి కొలిచిన రీస్ బృందమునకు వ్యాకోచ వేగము సుమారు 73గా వచ్చుచున్నది. ప్లాంక్ ఉపగ్రహము ఆదిమ కాంతిని బట్టి 2018లో ఇచ్చిన విలువ సుమారు 67. హబుల్ నాటి 500తో పోల్చినచో ఇది ఇరుగుపొరుగు తగవు వంటిది. కాని రెండు పక్షములును చూపుకొను దోషపు హద్దులు అంతకంటె చిన్నవి గనుక రెండును ఒప్పు కాజాలవు. అరిజోనాలో గెలాక్సీలను లెక్కించుచున్న డెసి సర్వే 2024, 2025 సంవత్సరములలో డార్క్ ఎనర్జీ కాలముతో బలహీనపడుచున్నట్లు సూచన లిచ్చెను. అందులోను, ఏ సూపర్నోవా పట్టికను జతపరచిరో దానిని బట్టి ఆ సూచన బలము మారుచున్నది. తిరిగి ప్రశ్న మానిక దగ్గరకే వచ్చినది.

ఇట్టి పరిస్థితిలో ఖగోళజ్ఞులు ఒక కట్టుబాటు నలవరచుకొనిరి. సమాధానమును తమకు తామే మరుగుపరచుకొనుట. ఫలితపు అంకె కంప్యూటరులో దాగియుండును. పద్ధతులన్నియు పరీక్షించి, ఏది ఉంచవలెనో ఏది తీయవలెనో నిర్ణయించి, ఇక మార్చబోమని ఒప్పుకొనిన పిమ్మటనే తెర తీయుదురు. తెర తీసిన తరువాత వచ్చినది నచ్చకున్నను ప్రకటింతురు. చిలీలోని టొలోలో కొండమీది దూరదర్శినితో అయిదేండ్లు పట్టిన సుమారు 1,500 సూపర్నోవాలతో డార్క్ ఎనర్జీ సర్వే వారు 2024లో ఇచ్చిన ఫలితము ఇట్లు తేల్చినదే. తన ఆశను తాను నమ్మననుట వ్రతము వంటిది. ప్రమాణమను మాటకు గల మూడవ అర్థమును యంత్రముల నడుమ వీరు మరల నిలిపిరి. అయితే తెర కట్టుకొనుట ఆశను ఆపునే గాని మానిక సొట్టను సరిచేయదు. బాడే కాలము నాటివలె తెలియకయే రెండు జాతులు కలిసియున్నయెడల ఎన్ని తెరలు కట్టినను ఆ తప్పు అట్లే యుండును.

ఆ అనుమానము నిరాధారమైనది కాదు. శ్వేత కుబ్జతార తోడి నక్షత్రము నుండి పదార్థము లాగుకొని ప్రేలునా, రెండు కుబ్జతారలు కలిసి ప్రేలునా, చంద్రశేఖర్ హద్దు చేరకమునుపే ప్రేలునా అను వివాదము తీరలేదు. 2011 ఆగస్టు 24న ఎం101 అను గెలాక్సీలో, సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున, ఈ తెగ సూపర్నోవా ఒకటి ప్రేలిన కొద్ది గంటలకే పట్టుబడెను. అప్పటికి దాదాపు 40 ఏండ్లలో అంత ప్రకాశవంతమైనది ఆ తెగలో కనబడలేదు. అక్టోబరు 4న స్టాక్‌హోములో నోబెల్ బహుమానము ప్రకటించిన దినమున అది చిన్న దూరదర్శినులకు కూడ కనబడుచు, మెల్లగా ఆరిపోవుచుండెను. ప్రేలుటకు పూర్వము ఆ చోట ఏమున్నదో చూచుటకు హబుల్ దూరదర్శిని తీసిన పాత చిత్రములను వెదకి తీసిరి. ఆ చోట ఏ తారయు కనబడలేదు.